సెలెస్ట్ ఆడటానికి ల్యాప్‌టాప్‌లో ఏ కీలు పెట్టుకుంటే చేతికి హాయి?

కాకినాడ_కాజా:
సెలెస్ట్ అనే కొండ ఎక్కే వీడియో గేమ్ మొదలుపెట్టాను. గేమ్‌ప్యాడ్ లేదు, ఇప్పట్లో కొనను కూడా. నా ల్యాప్‌టాప్‌లో బాణం కీలు మరీ చిన్నవి, పైకీ కిందికీ రెండూ కలిపి ఒక్క కీ పట్టేంత చోటులో ఇరికించారు. గేమ్‌లో ముందే ఉన్న సెట్టింగ్ ప్రకారం కుడిచెయ్యి బాణాల మీద, ఎడమచెయ్యి కింది వరస మీద. సీ నొక్కితే దూకడం, ఎక్స్ నొక్కితే డాష్ (ఒక్కసారిగా దూసుకెళ్లడం), జెడ్ నొక్కితే గోడ పట్టుకోవడం.

గోడ ఎక్కుతున్నంతసేపూ జెడ్ అదిమే ఉంచాలి కదా, కాసేపటికి ఉంగరం వేలి దగ్గర్నుంచి మణికట్టు దాకా లాగేస్తోంది. ఇంకో గొడవ ఏంటంటే, పైకీ ఎడమకీ ఏటవాలుగా డాష్ కొడితే ఒక్కోసారి అసలు పడట్లేదు. పైకీ కుడికీ మాత్రం ఎప్పుడూ పడుతుంది. లోపం నా వేళ్లలో ఉందా, కీబోర్డులో ఉందా? మీరంతా ఏ కీలు వాడుతున్నారో చెప్పండి.

డాస్_రోజులు:
కీబోర్డుదే తమ్ముడూ. మామూలు కీబోర్డుల్లో ఒక్కో కీకి విడిగా తీగ ఉండదు. అడ్డంగా కొన్ని గీతలు, నిలువుగా కొన్ని గీతలు, అవి కలిసేచోట కీ. మూడు కీలు ఒక చతురస్రానికి మూడు మూలల్లో పడ్డాయంటే, నాలుగో మూల కూడా నొక్కారో లేదో దానికి తేల్చుకోవడం కుదరదు. అందుకని చివర నొక్కినదాన్ని వదిలేస్తుంది. దీన్నే ఘోస్టింగ్ గొడవ అంటారు. నోట్‌ప్యాడ్ తెరిచి పైబాణం, ఎడమబాణం అదిమిపెట్టి ఎక్స్ కొట్టు. అక్షరం పడకపోతే ఆ మూడూ నీ కీబోర్డులో కలవవు, ఎంత సాధన చేసినా అంతే.

అందుకే ఏ కీ అందుబాటులో ఉందో చూసేముందు, ఏవేవి ఒకేసారి నొక్కాలో చూసుకోవాలి. సెలెస్ట్‌లో రెండు దిక్కులు, డాష్ కలిసి పడాలి, పైగా పట్టు కీ అప్పటికే అదిమి ఉండొచ్చు. నేనైతే ఎడమచెయ్యి డబ్ల్యూ-ఏ-ఎస్-డీ మీద (పైకి, ఎడమకి, కిందికి, కుడికి), కుడి చూపుడువేలికి జే దూకడానికి, మధ్యవేలికి కే డాష్‌కి పెడతాను. అన్నిటికన్నా ఎక్కువ నొక్కేది దూకే కీ, దాన్ని బలమైన వేలికే ఇవ్వాలి. పట్టు ఎడమ షిఫ్ట్‌కి ఇవ్వు, చిటికెన వేలు అక్కడే ఉంటుంది. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ వేరే కీలతో కలిపి నొక్కడానికే ఉన్నవి కాబట్టి వాటికి సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. మా ట్యూషన్ సెంటర్ ల్యాబ్‌లో డేంజరస్ డేవ్ అనే పాత డాస్ గేమ్ ఆడిన రోజుల్లో కాల్చడానికి కంట్రోల్, జెట్‌ప్యాక్‌తో ఎగరడానికి ఆల్ట్. ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో అంచు పట్టుకుని వేలాడాలంటే షిఫ్ట్. చెయ్యి వాటికి ఇట్టే అలవాటు పడిపోతుంది.

ఒకటి మర్చిపోకు, షిఫ్ట్ వరసగా ఐదుసార్లు కొడితే విండోస్ స్టిక్కీ కీస్ (కీలు కలిపి అదిమే బదులు ఒక్కొక్కటిగా నొక్కే సౌకర్యం) ఆన్ చేయాలా అని అడిగే పెట్టె తెచ్చి మధ్యలో పెడుతుంది. యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో కీబోర్డు కిందకి వెళ్లి ఆ షార్ట్‌కట్ ముందే ఆపేయి.

నిదానమే_ప్రధానం:
అన్న చెప్పిందాంట్లో డబ్ల్యూ-ఏ-ఎస్-డీ ఒక్కటి నేను ఒప్పుకోను. డబ్ల్యూ కీ ఎస్‌కి నేరుగా పైన ఉండదు, కాస్త ఎడమకి జరిగి ఉంటుంది. పైకీ కుడికీ కలిపి కొట్టినప్పుడల్లా నా వేళ్లు మెలిపడతాయి. నేను బాణాలే వాడతాను, కాకపోతే విడి కీబోర్డు తగిలించి, దాన్ని ఎడమవైపుకి బాగా జరిపి, భుజం తిన్నగా ఉండేలా కూర్చుంటాను. మణికట్టు వంకర పోయేది సగం అక్కడే.

కాజా గారూ, అసలు పట్టు అదిమి ఉంచాల్సిన పనే లేదు. గేమ్ ఆప్షన్లలో గ్రాబ్ మోడ్ అని ఉంది, దాన్ని టోగుల్‌కి మార్చండి. ఒకసారి నొక్కితే పట్టుకుంటుంది, మళ్లీ నొక్కితే వదిలేస్తుంది. నొప్పి ఉన్నప్పుడు అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది ఇదే. నొప్పి తగ్గేదాకా రెండు రోజులు ఆట ఆపినా తప్పులేదు.

వేమూరి_వీధి:
తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాళ్లకి ఇంకో సంగతి. విండోస్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారిపోవచ్చు. షిఫ్ట్ మీద పట్టు, ఆల్ట్ మీద ఇంకోటి పెట్టారంటే ఆట మధ్యలో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలోకి వెళ్లిపోతారు. అందులో ఎక్స్ అంటే సున్న, సీ అంటే మ. కీ ఉన్న చోటు కాకుండా అది కొట్టే అక్షరం చూసే బ్రౌజర్ ఆటల్లో బొమ్మ కదలకుండా నిలబడిపోతుంది. ఆల్ట్ జోలికి పోకండి, లేదా ఆ షార్ట్‌కట్ తీసేయండి.

కాకినాడ_కాజా:
నోట్‌ప్యాడ్‌లో చూశాను. పైబాణం, ఎడమబాణం, ఎక్స్ నిజంగానే కలవట్లేదు. డబ్ల్యూ, ఏ, కే మూడూ పడుతున్నాయి. పట్టు షిఫ్ట్‌కి మార్చి టోగుల్ పెట్టాను, వేలికి చాలా తేలికైంది. పైకీ కుడికీ డాష్‌కి మాత్రం నిదానం గారు చెప్పినట్టే వేళ్లు తడబడుతున్నాయి. డబ్ల్యూ-ఏ-ఎస్-డీ బదులు ఒక కీ కుడికి జరిపి ఈ-ఎస్-డీ-ఎఫ్ (ESDF) పెడితే ఏమైనా తేడా ఉంటుందా?

డాస్_రోజులు:
వంకర అలాగే ఉంటుంది, ఈ (E) కూడా డీ (D)కి కాస్త ఎడమకే. కానీ ఎఫ్ మీద గుబ్బ ఉంటుంది, చూడకుండానే చెయ్యి చోటుకి వస్తుంది. పికో-8 అనే చిన్న గేమ్‌లు తయారుచేసి ఆడే సాఫ్ట్‌వేర్‌లో రెండో ఆటగాడికి దిక్కులకోసం ఇచ్చినవి ఆ నాలుగే. షిఫ్ట్ మాత్రం ఒక కీ దూరమవుతుంది, అందుకని పట్టుని ఏ (A) కీకి మార్చి, ఈ, ఎస్, ఏ, కే నాలుగూ కలుస్తాయో లేదో నోట్‌ప్యాడ్‌లో మళ్లీ చూసుకో.