అప్‌డేట్: కడప స్టూడియో ఫోటోలు ఒకచోటికి చేరాయి

ఇరవై ఫోల్డర్లలో చెల్లాచెదురుగా ఉన్న ఫోటోలను లినక్స్ టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) ఒకచోటికి ఎలా చేర్చాలని మొన్న అడిగాను. పని పూర్తయింది. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నన్ను కాపాడింది ఫైళ్లను ఒకచోటి నుంచి మరోచోటికి జరిపే ‘ఎంవీ’ (mv) కమాండ్‌కు తగిలించమన్న ‘మైనస్ ఎన్’ (-n). మా కెమెరా లెక్క 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది కనుక ఒకే పేరుతో రెండు ఫోటోలు తేలాయి. ఒకదానిలో తలంబ్రాలు, మరొకదానిలో దేవుని కడప రథోత్సవం. ఆ ‘ఎన్’ లేకపోతే రెండోది మొదటిదాన్ని అడగకుండానే తుడిచేసేది. ఉండబట్టి పాత చోటే ఆగింది. పేరు మార్చి చేర్చాను.

‘అమ్మాయి పెళ్లి’ ఫోల్డర్ పేరులో ఖాళీ ఉండటంతో కమాండ్ దాన్ని రెండు పేర్లుగా చదివింది. కొటేషన్ గుర్తుల్లో పెడితే సరిపోయింది. ‘ఆర్‌ఎం’ (rm, ఫైళ్లను చెరిపే కమాండ్) వాడే ముందు అదే పేర్ల నమూనాను, ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్‌’తో చూసుకుంటున్నాను. ‘ఆర్‌ఎం’తో చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు.