మే నెల సైకిల్ రైడ్: టిస్సింగ్టన్ ట్రైల్‌ని ఏ చివర నుంచి మొదలుపెడదాం?

రూట్ టీమ్:
అందరికీ నమస్కారం. మే రైడ్‌కి కమిటీ సరే అంది. ఇప్పటికి 34 మంది పేర్లిచ్చారు, అందులో 11 మంది పిల్లలు. రూట్ బాధ్యత నాది కాబట్టి ముందు నేను అనుకున్నది చెబుతాను.

ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ కొండ ప్రాంతంలో ఉన్న టిస్సింగ్టన్ ట్రైల్‌కి వెళ్దాం. అష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా 13 మైళ్లు, అంటే దాదాపు 21 కిలోమీటర్లు. ఇది 1899లో తెరిచిన రైలు మార్గం. 1960లలో రైళ్లు పూర్తిగా ఆగిపోయాక పట్టాలు పీకేశారు. 1971లో నడిచేవాళ్లకు, సైకిళ్లకు, గుర్రాలకు ఇచ్చారు. రైలు కోసం వేసిన దారి కనుక నిట్టనిలువు ఎక్కుళ్లు ఉండవు, కార్లు రావు. నేలంతా గట్టిపడిన సన్న కంకర. గ్రావెల్ బైక్, అంటే కంకర దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్, లేకపోతే రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే హైబ్రిడ్ సైకిల్ చాలు. సన్న టైర్ల రేసింగ్ సైకిల్ మాత్రం వద్దు.

పోయినసారి జరిగింది ఇంకా నా మనసులోంచి పోలేదు. ఫోన్‌లో ఒక యాప్ చూపించిన గీతను నమ్మి అందరినీ పొలాల్లోకి తీసుకెళ్లాను. అది ఫుట్‌పాత్. రైతు వచ్చి మర్యాదగానే ఆపాడు. పిల్లలతో సైకిళ్లు తోసుకుంటూ చీకటి పడే వేళకి రోడ్డెక్కాం. మనకు ఫుట్‌పాత్ అంటే రోడ్డు పక్కన సిమెంటు పలకలే గుర్తొస్తాయి. ఇక్కడ పొలాల మధ్య పోయే కాలిబాటనీ అలాగే అంటారు. దాని మీద నడిచే హక్కు ఉంటుంది కానీ సైకిల్ తొక్కే హక్కు ఉండదు. బ్రైడిల్‌వే, అంటే గుర్రాలు కూడా వెళ్లే బాట మీద తొక్కవచ్చు, 1968లో చట్టం ఆ అనుమతి ఇచ్చింది, కాకపోతే నడిచేవాళ్లకు, గుర్రాలకు మనమే దారి ఇవ్వాలి. గేటు దగ్గర బాణం పసుపు రంగులో ఉంటే కాలిబాట, నీలం అయితే బ్రైడిల్‌వే. ఈ రెండు రంగులు పిల్లలకు కూడా నేర్పిద్దాం.

కార్ల టీమ్:
అన్నా, రూట్ బాగుంది. కానీ పార్స్‌లీ హే నుంచి మొదలుపెడితే మంచిది కదా? కార్ పార్కింగ్, కేఫ్, టాయిలెట్లు, అద్దె సైకిళ్లు అన్నీ అక్కడే ఉన్నాయి. పైగా అక్కడి నుంచి పల్లం. కొత్తవాళ్లకు మొదట్లోనే ధైర్యం వస్తుంది.

రూట్ టీమ్:
తమ్ముడూ, ఆ పల్లమే నా భయం. పార్స్‌లీ హే కన్నా అష్‌బోర్న్ సుమారు 200 మీటర్లు కింద ఉంటుంది. రైలు దారి కనుక అది కంటికి కనిపించదు, కాళ్లకే తెలుస్తుంది. పొద్దున హాయిగా జారిపోయి, భోజనం చేసి, అలసిపోయాక 21 కిలోమీటర్లు ఎక్కాలి. పదేళ్ల పిల్ల పన్నెండో కిలోమీటరు దగ్గర ఏడిస్తే మనం ఏం చేస్తాం? ట్రైల్ మీదికి కారు రాదు. అదే అష్‌బోర్న్ నుంచి అయితే ఎవరు ఎక్కడ అలసిపోయినా వెనక్కి తిరిగితే చాలు, సైకిల్ దానంతట అదే దిగుతుంది. అద్దె సైకిళ్లు అష్‌బోర్న్‌లో కూడా దొరుకుతాయి. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టే ట్రైలర్లు కావాలంటే ముందుగా బుక్ చేయాలి. ఎన్ని కావాలో శుక్రవారంలోగా చెప్పండి.

పిల్లల టీమ్:
నేనూ అష్‌బోర్న్ వైపే. మా చిన్నదాన్ని దృష్టిలో పెట్టుకుని అడుగుతున్నాను, చిన్నపిల్లలు ఎక్కడిదాకా వెళ్లి తిరగొచ్చు? ఇంకొకటి, అష్‌బోర్న్‌లో ట్రైల్ మొదలయ్యే మేపుల్టన్ లేన్ దాటగానే దారి ఒక్కసారిగా దిగి మళ్లీ ఎక్కుతుందని విన్నాను.

రూట్ టీమ్:
అవునక్కా. బెంట్లీ వాగు మీద ఉన్న పాత రైలు వంతెన తీసేశారు, అందుకే ఆ దిగుడు. పిల్లలందర్నీ అక్కడ సైకిల్ దింపి నడిపిద్దాం. ఆ మలుపులో నేనే నిలబడతాను. చిన్నవాళ్లు టిస్సింగ్టన్ ఊరి దాకా చాలు, సుమారు 6 కిలోమీటర్లు. పెద్ద పిల్లలు, అలవాటున్న వాళ్లు పార్స్‌లీ హే దాకా. దారిలో పాత హార్టింగ్టన్ స్టేషన్ సిగ్నల్ బాక్స్, అంటే రైళ్లకు సిగ్నల్ ఇచ్చే గది, ఇంకా అలాగే ఉంది, అక్కడ తప్పకుండా ఆగండి.

గ్రావెల్ బైకులున్న ఆరుగురికి ఇంకాస్త దూరం ఉంది. పార్స్‌లీ హే దగ్గర హై పీక్ ట్రైల్ కలుస్తుంది. అదీ రైలు దారే, 1831 నాటిది. అటు తిరిగి 'మిన్నింగ్లో' అనే చోటి దాకా వెళ్లి వస్తే మొత్తం సుమారు 60 కిలోమీటర్లు అవుతుంది. మధ్యలో గోథమ్ దగ్గర దారి దాదాపు లంబకోణంలో తిరుగుతుంది. రైలు అంత మలుపు ఎలా తిరిగిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ ఆరుగురు టైర్లలో గాలి కొంచెం తగ్గించుకోండి, మరీ గట్టిగా ఉంటే కంకర మీద చేతులు అదురుతాయి.

భోజనాల టీమ్:
పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు, ఫ్లాస్కుల్లో మజ్జిగ. పూరీలు వద్దనుకున్నాను, చల్లారితే ఎవరూ తినరు. అన్నీ టిస్సింగ్టన్‌కి కారులో తెస్తాం.

నాదొక కోరిక. మామూలుగా మే నెలలో అక్కడ బావుల అలంకరణ ఉంటుంది కదా. ఈస్టర్ రోజుతో కలిపి లెక్కేస్తే నలభయ్యో రోజున, క్రీస్తు స్వర్గానికి వెళ్లాడనే అసెన్షన్ పండుగ గురువారం మొదలై వారం దాకా ఉంటుందట. చెక్క పలకల మీద తడి బంకమట్టి మెత్తి, పూరేకులు, ఆకులు, నాచు ఒక్కొక్కటే అద్ది పెద్ద బొమ్మలు చేస్తారు. ఊళ్లో ఆరు ఊట బావులు, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. ప్లేగు కాలంలో ఆ నీళ్లే ఊరిని కాపాడాయన్న కృతజ్ఞతతో మొదలైందని చెప్పుకుంటారు. ఆ నెలలో మా అమ్మ వరంగల్ నుంచి వస్తోంది. ఏటా తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేర్చే మనిషి. ఆ పూల పని ఆమెకు ఎంత నచ్చుతుందో! మన రైడ్ ఆ శనివారమే పెట్టలేమా?

కార్ల టీమ్:
వదిన గారూ, ఆ వారం ఊళ్లో విపరీతమైన జనం. టిస్సింగ్టన్‌లో పార్కింగ్ దొరకడం కష్టం.

రూట్ టీమ్:
కష్టమే, కానీ ఈ ఏడు అలంకరణ ఉందో లేదో ముందు కనుక్కుని, ఉంటే ఆ శనివారమే పెడదాం. ఇలాంటిది మన పెద్దవాళ్లు చూడాలి, పిల్లలూ చూడాలి. సైకిళ్ల కార్లన్నీ అష్‌బోర్న్‌లోనే ఆపుదాం. టిస్సింగ్టన్‌కి వెళ్లేవి రెండే, ఒకటి పెద్దవాళ్లది, ఒకటి భోజనాలది. ఆ రెండూ 9 గంటలకల్లా అక్కడ ఉండాలి. ఊళ్లోకి వెళ్లేటప్పుడు అందరం సైకిల్ దిగి నడుద్దాం. బావుల ముందు గుంపుగా నిలబడి ఫొటోలు తీసుకుంటూ వేరేవాళ్లకు అడ్డం రావద్దు.

పిల్లల టీమ్:
ఆ రోజు గుర్రాలు కూడా వస్తాయేమో. పిల్లలు బెల్ కొడితే బెదరవా?

రూట్ టీమ్:
మంచి ప్రశ్న. వెనక నుంచి హఠాత్తుగా ఏ శబ్దమూ చేయకూడదు. దూరం నుంచే 'హలో' అనాలి, గుర్రం మీదున్నవాళ్లు సరే అన్నాకే నెమ్మదిగా, ఎడం ఇచ్చి దాటాలి. గేట్లు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. హెల్మెట్ లేనివాళ్లని నేను బయలుదేరనివ్వను, ఎవరైనా సరే. రెయిన్ జాకెట్ కూడా తెచ్చుకోండి, మే నెల అని ఎండను నమ్మొద్దు.

ఈసారి మ్యాప్ మీద గీత చూసి సరిపెట్టుకోను. వచ్చే ఆదివారం అష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే దాకా వెళ్లి ప్రతి గేటూ, ప్రతి టాయిలెట్టూ చూసి వస్తాను. నాతో ఇంకొకరు కావాలి, పిల్లల వేగంతో తొక్కేవాళ్లయితే మంచిది.

పిల్లల టీమ్:
నేను మా పెద్దదాన్ని తీసుకుని వస్తాను. దానికి పదేళ్లే, ఎక్కడ అలసిపోతుందో అక్కడ గుర్తు పెట్టుకుందాం. పంపు, రెండు ట్యూబులు నా దగ్గర ఉన్నాయి.