“ఆశ కొత్తబండ బండను కొనె…” తర్వాత ఏముంది?

యతిభంగం: “ఆశ కొత్తబండ బండను కొనె” అని మొదలయ్యే వాక్యం ఒకటి పొద్దుటినుంచీ వదలడం లేదు. బ్రెజిల్‌లో ఫిన్నులు (ఫిన్లండ్ వాళ్ళు) కట్టుకున్న పెనెడో అనే ఊరి గురించి. చివర్లో “ఆవిరి” ఉంది. మధ్యలో ఏముందో ఎవరైనా అందుకుంటారా?

ద్రుతం: మధ్యది తర్వాత చూద్దాం. పెనెడో ఏమిటండీ? పెనేదు. పోర్చుగీసులో అది దంత్యం, పైగా నొక్కు లేని చివరి ఒకారం బ్రెజిల్ నోట ఉకారమే. మనవాళ్ళ చెవికీ ద గానే తగిలింది కాబట్టే పోర్చుగీసు పాద్రె (క్రైస్తవ గురువు)ను పాదిరి అన్నారు, పాడిరి అనలేదు.

శకటరేఫ: అక్కడ స్థిరపడింది ఫిన్నులు. వాళ్ళ నొక్కు ఎప్పుడూ మొదటి అక్షరం మీదే, చివరి ఒకారం ఒకారంగానే ఉంటుంది. కాబట్టి పెనెడొ. దీర్ఘం తీసేస్తే మీ పాఠం కూడా సరే, యతిభంగం గారూ.

ద్రుతం: పేరు ఫిన్నులు పెట్టింది కాదుగా. 1929లో వాళ్ళు కొన్న ఫజెందా (ఎస్టేటు) పేరే అది.

అరసున్న: అక్షరం దగ్గర ఆగిపోయి అర్థం వదిలేశారు. ఫిన్నులకు దారి చూపినవాడు తొయ్‌వొ ఊస్కల్లియొ. తొయ్‌వొ అంటే ఆశ, ఊసి అంటే కొత్త. కల్లియొకు “బండ” బాగానే కుదిరింది: నేలలో పాతుకుని పైకి తేలిన పరుపుబండ. పెనేదు అది కాదు, పెద్ద గుండు. “కొత్తబండ గుండును కొనె” అని ఉండాలి. ప్రాస కూడా కలుస్తుంది. ఊస్కల్లియొలో దీర్ఘం, ద్విత్వం రెండూ రాయాల్సిందే. ఫిన్నిష్‌లో తులి నిప్పు, తూలి గాలి, తుల్లి సుంకం. ఈ మూడింటి తేడా తెలుగు లిపిలో చుక్క పోకుండా నిలుస్తుంది.

బండిర: రాళ్ళ లెక్క ఇంకా ఉంది. పెనేదు ఇప్పుడు ఇతతియాయ మునిసిపాలిటీలో భాగం. అక్కడి ఆదివాసుల తుపి భాషలో ఇత అన్నా రాయే. కాకపోతే రియో వైపు తి, చి అవుతుంది కనుక వినిపించేది ఇతచియాయ.

శకటరేఫ: 1929 నాటికి ఆ మునిసిపాలిటీ లేదు. 1980ల చివరిదాకా అదంతా రెసెందె కిందే. దాన్ని రెసెండె అని రాసేవాళ్ళకు అక్కడివాళ్ళు హెజెంజి అంటే ఏ ఊరో అర్థం కాదు.

బండిర: మీరింత కొట్టుకుంటున్నారు, శ్రీనాథుడైతే పెన్నిధి అని ఒక్క వేటుతో తేల్చేవాడు! హరవిలాసంలో బర్మాలోని తెనాసెరిమ్‌ను తరుణాసీరి చేసిన మహానుభావుడు. ఊరి పేరును మత్తేభంలో కూర్చోబెట్టడం ఆయనకే చెల్లింది.

ద్రుతం: అక్కడే తవాయి కూడా ఉంది. త పెట్టాడు, ట కాదు.

శకటరేఫ: తవాయి బర్మా రేవు. పోర్చుగీసు దకారానికి సాక్ష్యమా అది?

అరసున్న: “ఆవిరి” సంగతి. శాకాహార ఆదర్శంతో వెళ్ళారు. కాఫీ తోటలు సారం పీల్చేసిన నేల, సాగు గిట్టలేదు. ఇళ్ళల్లో అతిథుల్ని పెట్టుకుని, సౌనాతో (ఆవిరిస్నానపు గదితో) ఊరు నిలిచింది. కాబట్టి చివరి మాట ఆశ ఆవిరైందనా, ఆవిరే ఆదుకుందనా? నా ఓటు రెండోదానికి. సౌనాలో కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లితే లేచేదాన్ని ఫిన్నులు ల్వొయ్‌ల్యు అంటారు. ఆ మాటకు పాత అర్థం ప్రాణం, ఊపిరి.

ద్రుతం: ల్వొయ్‌ల్యు? అందులో వకారం లేదు. పెదవులు గుండ్రంగా పెట్టి ఎ పలకాలి, తర్వాత అదే గుండ్రంతో ఇ. లెయ్‌లి అని రాయడమే నయం.

శకటరేఫ: లెయ్‌లి అని రాస్తే గుండ్రం ఎక్కడ కనిపిస్తుంది? లొయ్‌లు.

యతిభంగం: అయ్యా, మధ్య ముక్క…

బండిర: లొయ్‌లు అంటే బహువచనం అనుకుంటారు.