అప్‌డేట్: తోన్లే సాప్ పడవ ప్రయాణం, చివరికి ఏమైందంటే

కంబోడియాలో సియం రీప్ దగ్గర తోన్లే సాప్ సరస్సు మీద చోంగ్ క్నియాస్ అనే తేలే ఊరు చూడబోయి మోసపోయాం, డబ్బు తిరిగొస్తుందా, బదులుగా ఇంకో ఊరు చూడొచ్చా అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది, టూర్ బుక్ చేసిన హోటల్ వాళ్లతోనే మాట్లాడమన్న సలహా. దారిలో పడవను బియ్యం కొట్టు దగ్గర ఆపి, స్కూలు పిల్లల కోసమంటూ బస్తా 60 డాలర్లకు కొనిపించారని రసీదు చూపించి చెప్పాను. రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్ చేసి మాట్లాడాక పడవ టికెట్‌లో సగం వెనక్కి ఇచ్చారు. బియ్యం డబ్బు రాలేదు. ఆ బస్తా పిల్లలకు చేరిందో లేదో అన్నదే నా బాధ.

పోలీసుల దాకా వెళ్లే అవసరం పడలేదు. 

మర్నాడు మీరు చెప్పిన కాంపాంగ్ క్లియాంగ్ అనే ఊరు వెళ్లాం, సియం రీప్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. అక్కడ ఇళ్లు చాలావరకు తేలవు, పొడవాటి స్తంభాల మీద నిలబడి ఉంటాయి. వర్షాకాలంలో మెకాంగ్ నది పొంగి, సరస్సును దానితో కలిపే తోన్లే సాప్ నది వెనక్కి పారుతుంది, సరస్సు కొన్ని రెట్లు పెరుగుతుంది, అందుకే అంత ఎత్తు. ఒకావిడ నీళ్లలో సగం మునిగిన మెట్ల మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. మా అమ్మ ఆమె చేతులవైపే చూస్తూ ఉండిపోయింది.

చోంగ్ క్నియాస్ వెళ్లేవాళ్లు బియ్యం కొట్టు దగ్గర మాత్రం పడవ దిగకండి.