టంగ్‌స్టన్‌కు చెప్పిన కారణం ప్లాటినంకు ఎందుకు పనిచేయట్లేదు?

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెప్తాను. ఎలక్ట్రాన్ల అమరిక క్రోమియంలో 3డి⁵ 4ఎస్¹, రాగిలో 3డి¹⁰ 4ఎస్¹, డి సగం నిండినా పూర్తిగా నిండినా స్థిరత్వం ఎక్కువ అని అందరిలాగే చెప్పాను, బానే ఉంది. కానీ ఒక అమ్మాయి పీరియాడిక్ టేబుల్ చూసి, క్రోమియం కింద మాలిబ్డినం కూడా 4డి⁵ 5ఎస్¹ అయినప్పుడు దాని కిందున్న టంగ్‌స్టన్ 5డి⁴ 6ఎస్² ఎందుకైంది సార్ అంది. (నయోబియం 4డి⁴ 5ఎస్¹ సంగతి ఇంకా ఎవరూ అడగలేదు, అదే నయం.)

ఎక్స్ఛేంజ్ ఎనర్జీతో (ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల జంటల వల్ల వచ్చే స్థిరత్వం) చూశాను. డి⁴లో ఒకే స్పిన్ జంటలు 6, డి⁵లో 10. ఆ లెక్క టంగ్‌స్టన్‌కూ అంతే కదా, తేడా రాదు. తర్వాత రిలేటివిస్టిక్ ప్రభావం (ఎలక్ట్రాన్లు కాంతి వేగంతో పోల్చదగ్గంత వేగంగా కదలడం వల్ల వచ్చే మార్పు) గురించి చదివాను: బరువైన పరమాణువుల్లో 6ఎస్ కుంచించుకుని దాని శక్తి తగ్గుతుంది, అందుకే టంగ్‌స్టన్ 6ఎస్²ను వదలదు. ఇది నచ్చింది, కానీ అదే వరుసలో ప్లాటినం 5డి⁹ 6ఎస్¹ కనబడేసరికి మళ్లీ మొదటికొచ్చింది.

6ఎస్ శక్తి అంత తగ్గితే, ప్లాటినంలో ఒక ఎలక్ట్రాన్ దాన్ని వదిలేసి 5డిలోకి ఎందుకు పోతోంది, ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?