1.6 మియాటాను ఇంట్లోనే డ్రిఫ్ట్‌కి సిద్ధం చేస్తున్నాను, టర్బో ముందా డిఫ్ ముందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా దగ్గర 1990 మాజ్దా మియాటా ఉంది, మొదటి తరం, 1.6 ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్, ఓపెన్ డిఫరెన్షియల్ (డిఫ్, అంటే ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల భాగం). రోజూ తిరగడానికి వేరే కారు ఉంది, కాబట్టి దీన్ని ట్రాక్ మీద డ్రిఫ్ట్ (వెనక చక్రాలను జార్చుతూ మలుపు తిప్పడం) నేర్చుకోవడానికే పెట్టుకున్నాను. ఇప్పటికి రెండుసార్లు ప్రాక్టీస్‌కి వెళ్లాను. తడి నేల మీద బాగానే జారింది. పొడి నేల మీదకు వచ్చేసరికి లోపలివైపు వెనక చక్రం ఒక్కటే గిర్రున తిరిగి పొగ వదులుతుంది, బండి మాత్రం మలుపు వదిలేసి ముందుకు పోతుంది. పవర్ చాలడం లేదనిపించి టర్బో కిట్లు చూడటం మొదలుపెట్టాను. ఒక స్నేహితుడేమో ముందు స్టీరింగ్ యాంగిల్ కిట్ (ముందు చక్రాలు ఇంకా ఎక్కువ తిరిగేలా చేసే భాగాలు) వెయ్యి అంటాడు, ఇంకొకడు డిఫ్‌ని వెల్డ్ చేసెయ్ (లోపలి గేర్లు అతికించి రెండు చక్రాలూ కలిసి తిరిగేలా), సాయంత్రానికల్లా అయిపోతుంది అంటాడు. నాకు స్పానర్ పని వచ్చు: బ్రేక్ ప్యాడ్లు, షాక్‌లు మార్చాను, ఒకసారి క్లచ్ కూడా దించాను. వెల్డింగ్ రాదు. షెడ్‌లో ఒక జాకీ, నాలుగు స్టాండ్లు ఉన్నాయి. ఏ పని ముందు చేయాలో చెప్పండి.

జవాబు 1

టర్బో ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. మీరు చెప్పిన లక్షణం పవర్ తక్కువైనందుకు కాదు, డిఫ్ ఓపెన్‌గా ఉన్నందుకు. మలుపులో బరువంతా బయటి చక్రం మీదకు పోయి లోపలి చక్రం తేలికైపోతుంది. ఓపెన్ డిఫ్ రెండు చక్రాలకూ ఒకే టార్క్ ఇస్తుంది కాబట్టి ఆ తేలికైన చక్రం ఎంత పట్టగలదో బరువు మోస్తున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. ఈ స్థితిలో పవర్ రెట్టింపు చేస్తే లోపలి టైరు ఇంకా తొందరగా కాలిపోతుంది తప్ప వెనక భాగం జారదు.

మీ ఇంజిన్ కొత్తలో ఇచ్చింది దాదాపు 115 హార్స్‌పవర్, బండి బరువు సుమారు 960 కిలోలు. జపాన్ డ్రిఫ్ట్ డ్రైవర్ కెయిచి త్సుచియాకు పేరు తెచ్చిన టొయోటా ఏఈ86లో కూడా 1.6 ఇంజినే, పవర్ 130 దగ్గర. వెనక సన్నటి, గట్టి రబ్బరు టైర్లు వేసి గాలి కాస్త ఎక్కువ పెట్టి, ముందు మంచి పట్టున్న టైర్లు వేస్తే నేర్చుకోవడానికి మీ ఇంజిన్ నిజంగా సరిపోతుంది.

ఇక డిఫ్ విషయం. 1.6 మియాటాలో వచ్చేది 6 అంగుళాల క్రౌన్ గేర్ (డిఫ్ లోపలి పెద్ద పళ్ల చక్రం) ఉన్న చిన్న డిఫ్. 1994లో 1.8 ఇంజిన్ వచ్చినప్పుడు మాజ్దావాళ్లు దాన్ని 7 అంగుళాలకు పెంచారు, అది చాలా గట్టిది. నా మాట వింటే పాత 1.8 బండి నుంచి డిఫ్, రెండు సైడ్ యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి డిఫ్‌కి శక్తి తెచ్చే కడ్డీ) కలిపి సెట్‌గా తీసుకోండి. విడివిడిగా కొంటే ఫ్లాంజ్‌లు (ఒకదానికొకటి బోల్టు చేసే అంచులు) కలవవు, బండి వారాలు స్టాండ్ల మీదే ఉండిపోతుంది.

క్లచ్ దించారంటున్నారు కాబట్టి పీపీఎఫ్ మీకు తెలిసే ఉంటుంది, గేర్‌బాక్స్ తోకని డిఫ్‌తో కలిపే ఆ పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్. దాని బోల్టులు వదులు చేసేముందు గేర్‌బాక్స్ కింద రెండో జాకీ పెట్టండి, ఎందుకంటే తోకను మోసేది ఆ ఫ్రేమే, వేరే మౌంట్ లేదు. తిరిగి బిగించేటప్పుడు ఎత్తు సరిచూసుకోకపోతే షాఫ్ట్ వణుకు పట్టుకుంటుంది.

జవాబు 2

పైన చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. కానీ మొదటి సీజన్‌కే 1.8 సెట్ కోసం వెతుక్కుంటూ కూర్చోవడం ఎందుకు? ఉన్న చిన్న డిఫ్‌నే వెల్డ్ చేసి వాడండి. మామూలు పవర్‌తో, సన్నటి టైర్లతో అది చాలాకాలం నిలబడుతుంది. విరిగిన రోజున 1.8 సెట్ ఎక్కించుకోవచ్చు, ఈలోగా మీకు డ్రైవింగ్ వచ్చేస్తుంది.

వెల్డింగ్ మాత్రం సాయంత్రానికల్లా అయిపోయే పని కాదు. నాది మొదటిసారి ఒక వర్క్‌షాప్‌లో చేయించాను. వాళ్లు గేర్ పళ్ల మీద నూనె పూర్తిగా పోకుండానే పైపైన నాలుగు చుక్కలు పెట్టి ఇచ్చేశారు. మూడో ప్రాక్టీస్‌లో ఒక చుక్క ఊడి క్రౌన్ గేర్ పళ్ల మధ్య ఇరుక్కుంది. వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయి బండి గడ్డిలోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ కేసింగ్ పగిలి నూనె అంతా ట్రాక్ మీద పడింది, మిగిలినవాళ్లందరి రోజూ పాడైంది. దానికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే డిఫ్‌ని బండి నుంచి దించండి, విప్పి లోపలి భాగాన్ని బల్ల మీద పెట్టి చేయించండి. బండిలో ఉండగానే వెల్డింగ్ చేస్తామనేవాళ్ల మాట వినకండి, మియాటాలో పెట్రోల్ ట్యాంకు సీట్ల వెనకే, డిఫ్‌కి దగ్గర్లోనే ఉంటుంది. ఇంకొక్కటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగి, తడి ఆరకముందే వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. వేడినీళ్లు, డిగ్రీజర్‌తో కడిగి బాగా ఆరబెట్టమనండి. ఆ గేర్లు గట్టిపరచిన ఉక్కు కాబట్టి ముందు వేడి చేసి, పని అయ్యాక మెల్లగా చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే పగులుతాయి.

1.8 సెట్‌లో టార్సెన్ డిఫ్ (గేర్లతోనే ఒక చక్రం వృథాగా తిరగడాన్ని అదుపు చేసేది) దొరికితే సంబరపడిపోకండి. రోడ్డు మీద అది చాలా బాగుంటుంది కానీ ఒక చక్రం గాల్లోకి లేచిందంటే ఓపెన్ డిఫ్‌లాగే చేతులెత్తేస్తుంది. డ్రిఫ్ట్‌కి రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయన్న నమ్మకం కావాలి, అది వెల్డ్ చేసిన డిఫ్‌తోనో క్లచ్ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీ (రెండు చక్రాల వేగాల తేడాను అదుపు చేసే డిఫ్)తోనో వస్తుంది.

జవాబు 3

ఇద్దరూ డిఫ్ గురించే చెప్పారు, బండి పైకప్పు గుడ్డ అన్న సంగతి ఎవరూ అడగలేదు. ఏ మార్పు చేసినా చేయకపోయినా ముందు రోల్ బార్ (బండి బోల్తా పడితే తలను కాపాడే గొట్టాల చట్రం) పెట్టండి. అందానికి పెట్టే మెరుపు గొట్టాలు కాదు, ఫ్లోర్‌కి ప్లేట్లతో బోల్టు చేసి వెనక్కి ఊతాలున్నది. హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుని, రోల్ బార్ పైనుంచి ముందు అద్దం ఫ్రేమ్ దాకా ఒక కర్ర పెట్టి చూడండి. హెల్మెట్‌కీ కర్రకీ మధ్య కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి. పొడవైనవాళ్లకి ఫ్యాక్టరీ సీటు మీద ఇది కుదరదు, కిందికి కూర్చోబెట్టే బకెట్ సీటు వేయాల్సిందే. దాంతో ఇంకో లాభం, నడుము కదలకుండా ఉంటే వెనక భాగం జారడం మొదలైన క్షణమే ఒంటికి తెలుస్తుంది, స్టీరింగ్ పట్టుకుని వేలాడక్కర్లేదు.

ఇంకా మూడు చూడండి. రేడియేటర్ పైభాగం ప్లాస్టిక్ నల్లగా ఉందా, లేక ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకి తిరిగిందా? తిరిగితే ఎప్పుడైనా చిట్లుతుంది, డ్రిఫ్ట్‌లో వేగం తక్కువ, ఆర్‌పీఎం ఎక్కువ కాబట్టి ముందు అదే పోతుంది. క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని క్లచ్‌కి అందించే చిన్న సిలిండర్) ఈ బండికి పాత జబ్బు, క్లచ్ కిక్‌లు (వెనక చక్రాలు జార్చడానికి క్లచ్‌ని టక్కున నొక్కి వదలడం) మొదలుపెడితే ఎక్కువ రోజులు ఉండదు, కొత్తది వేసేయండి. మూడోది ముఖ్యమైనది. 1990, 91 మొదట్లో వచ్చిన ఇంజిన్లలో క్రాంక్ ముక్కు (ముందు పుల్లీ బిగించే క్రాంక్‌షాఫ్ట్ కొన) పొట్టిది. ముందు పుల్లీ మీద చీలికలు లెక్కపెట్టండి, 4 ఉంటే పొట్టి ముక్కు, 8 ఉంటే సరిచేసిన పొడవు ముక్కు. 4 అయితే ఇంజిన్ ఆన్ చేసి పుల్లీ వణుకుతోందేమో చూడండి.

జవాబు 1

రోల్ బార్ సంగతి నేనే ముందు రాయాల్సింది, మంచి మాట చెప్పారు.

హ్యాండ్‌బ్రేక్ గురించి కూడా చెప్తాను. హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ కొనేముందు ఉన్నదాన్ని సరిగ్గా సర్దండి. వెనక కాలిపర్ వెనకవైపు 14 ఎంఎం బోల్ట్ ఒకటి ఉంటుంది, అది తీస్తే లోపల 4 ఎంఎం అలెన్ కీ పట్టే స్క్రూ. ప్యాడ్లు డిస్కుని పట్టేదాకా తిప్పి, మూడోవంతు చుట్టు వెనక్కి వదలండి. పాత కేబుల్ కూడా మారిస్తే రెండు చక్రాలూ టక్కున ఆగుతాయి.

వీల్ అలైన్‌మెంట్‌కి మియాటాలో కంట్రోల్ ఆర్మ్‌ల దగ్గర కేంద్రం తప్పిన బోల్టులు ఉంటాయి, ఈ వయసు బండిలో తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు, వారం ముందు నుంచే రోజూ తుప్పు వదిలించే నూనె కొట్టండి. ముందు క్యాస్టర్ (స్టీరింగ్ అక్షం వెనక్కి వాలు) ఎంత వస్తే అంత, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలు) మైనస్ 3 డిగ్రీల దగ్గర, వెనక టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా, క్యాంబర్ మైనస్ అర డిగ్రీ. యాంగిల్ కిట్ తరవాత. మియాటా వీల్‌బేస్ 2265 ఎంఎం మాత్రమే, బీఎండబ్ల్యూ ఈ36కి 2700. ఈ చిన్న బండి చాలా చురుగ్గా తిరిగిపోతుంది, ఎక్కువ యాంగిల్ ఇచ్చినా మొదట్లో మీ చేతులు ఆ వేగాన్ని అందుకోలేవు. ఉన్న యాంగిల్‌తో ఎనిమిది ఆకారం ఆగకుండా తిప్పగలిగాక కిట్ వేయండి.

అడిగినవారు

అన్నా, పొద్దున్నే వెళ్లి చూశాను. చీలికలు 4. స్టార్ట్ చేసి టార్చ్ వేసి చూస్తే పుల్లీ కొద్దిగా ఊగుతోంది, తమ్ముడు కూడా చూసి అవునన్నాడు. రేడియేటర్ కూడా గోధుమ రంగే. టెన్షన్‌గా ఉంది, ఇంజిన్ పోయినట్టేనా?

జవాబు 3

వెంటనే ఆపేయండి, ఇంకోసారి స్టార్ట్ చేయొద్దు. పోయినట్టే అని ఇప్పుడే చెప్పలేం. క్రాంక్ బోల్ట్, పుల్లీ తీసి లోపల కీ (పుల్లీ జారకుండా క్రాంక్‌తో కలిపి నిలిపే చిన్న లోహపు ముక్క), అది కూర్చునే గాడి చూడండి. కీ మాత్రమే నలిగి గాడి అంచులు నిటారుగా ఉంటే కొత్త కీ, కొత్త బోల్ట్ వేసి చెప్పిన టార్క్‌కి బిగిస్తే చాలు. గాడి కొద్దిగా వెడల్పయితే లాక్‌టైట్ 660 (లోహపు ఖాళీలు నింపే జిగురు)తో నింపి బిగించినవాళ్లున్నారు, వాళ్లలో చాలామందికి ఏళ్లపాటు నిలిచింది, కానీ వాళ్లు ఆర్‌పీఎం లిమిటర్ దాకా కొట్టే డ్రైవింగ్ చేయలేదు. బాగా అరిగి ఉంటే 8 చీలికల ఇంజిన్ వెతకడమే మేలు. పుల్లీ తీశాక గాడి ఫొటో దగ్గర్నుంచి, వెలుతురు పక్కనుంచి పడేలా తీసి పెట్టండి, చూసి చెప్తాం. డిఫ్ పని ఈలోగా మొదలుపెట్టకండి, ఇంజిన్ తేలాకే దాన్ని దించుదురుగాని.