లేత వేటకుక్కకు బోనులో రకూన్‌ను చూపించాలా, వద్దా?

కొండవాగు (నాక్స్‌విల్ శివార్లు, టెన్నెసీ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగు నెలల ట్రీయింగ్ వాకర్ జాతి వేటకుక్క పిల్ల పెరుగుతోంది. మగది. దాన్ని రకూన్ వేటకు తయారు చేయాలని మా పెద్దబ్బాయి ఆశ, నాకూ ఇష్టమే. పిల్లను మాకు అమ్మినాయన, బతికున్న రకూన్‌ను బోనులో పెట్టి దానికి చూపించమంటున్నారు. ఒక్కసారి చూస్తే చాలు, వేట దానంతట అదే మేల్కొంటుందని ఆయన మాట. మా పొరుగున ఉండే పెద్దాయన మాత్రం బోను పేరెత్తితేనే మండిపడుతున్నారు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఈ కుక్కలను పెంచినవాళ్లే. ఎవరి మాట వినాలి?

ఈ వేట తెలియనివారి కోసం రెండు మాటలు. రకూన్ అంటే తోక మీద చారలు, కళ్ల చుట్టూ నల్లటి పట్టీ ఉండే జంతువు. రాత్రిపూట వాగుల వెంట, మొక్కజొన్న చేలలో తిరుగుతుంది. ప్రమాదం వస్తే చెట్టెక్కుతుంది. కుక్క దాన్ని వాసనతో పసిగట్టి, జాడ పట్టుకుని వెళ్లి, చెట్టెక్కించి, మనం చేరేదాకా ఆ చెట్టు మొదట్లోనే నిలబడి మొరగాలి. చాలామంది జంతువును చంపరు, లైటు వేసి చూసి కుక్కను తోలుకుని వచ్చేస్తారు. మేమూ అంతే.

రాత్రిబాట (కెంటకీ)

కొండవాగు గారూ, మీకు పిల్లను అమ్మినాయన సరిగ్గానే చెప్పారు. మనం ఉద్యోగాలు చేసుకునేవాళ్లం. ప్రతి రాత్రీ అడవికి వెళ్లలేం, వెళ్లినా రకూన్ తగులుతుందన్న నమ్మకం లేదు. ఏమీ దొరక్కుండా తిరిగి తిరిగి వస్తుంటే లేత పిల్లకు ఆసక్తి చచ్చిపోతుంది. అదే బోనులోని జంతువును చూడగానే గొంతు విప్పుతుంది. బోనును తాడుతో కొమ్మకు వేలాడదీస్తే తల పైకెత్తి మొరగడం ఒక్క సాయంత్రంలో పట్టుబడుతుంది.

పోటీలకు తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే ఇది ఇంకా ముఖ్యం. యునైటెడ్ కెనెల్ క్లబ్ రాత్రి పోటీల్లో నాలుగు కుక్కలను కలిపి వదులుతారు. జాడ తగిలి ముందుగా గొంతెత్తిన కుక్కకు 100 పాయింట్లు, చెట్టు దగ్గర ముందుగా నిలిచిన కుక్కకు 125. వెనకబడిన కుక్కకు దక్కేవి 25. పిల్లలో చురుకు చిన్నప్పుడే రగిలించకపోతే తర్వాత ఎంత తిప్పినా రాదు.

పడమటికొండ (ఉత్తర కరోలినా)

రాత్రిబాట గారూ, ఆ లెక్కలో సగమే చెప్పారు. కుక్క మొరిగిన చెట్టు మీద రకూన్ లేదని తేలితే ఆ 100, ఆ 125 రెండూ మైనస్ అవుతాయి. ఖాళీ చెట్టు కింద నిలబడి గొంతు చించుకునే కుక్క కంటే ఆలస్యంగా అయినా నిజం చెప్పే కుక్కే గెలుస్తుంది. నేను బోనును వద్దనడానికి మొదటి కారణం ఇదే.

ఈ వేట మొత్తం ముక్కు మీద నడుస్తుంది. రకూన్ వెళ్లి గంట దాటాక, తడి ఆకుల మీద మిగిలిన వాసనను పట్టుకుని, అది వాగు దాటిన చోట తడబడి, అవతలి గట్టున మళ్లీ వెతుక్కుని, పది చెట్ల మధ్య అది ఎక్కింది ఏదో తేల్చుకోవాలి. ఈ పనిలో కంటికి చోటే లేదు, చుట్టూ చీకటి. బోను ముందు కూర్చున్న పిల్ల ఏం నేర్చుకుంటుంది? కదిలే జంతువును కళ్లతో చూసి అరవడం. అసలు కష్టమైన భాగం, అంటే వెతకడం, జాడ తప్పితే వెనక్కి వచ్చి సరిచూసుకోవడం, చెట్టును ఖాయం చేసుకోవడం, వీటిలో ఒక్కటీ బోను నేర్పదు. మొరగడం ఈ జాతికి పుట్టుకతోనే వస్తుంది, దాన్ని నేర్పనక్కర్లేదు. ఎప్పుడు మొరగకూడదో నేర్పడమే కష్టం.

ఇంకొకటి. నాలుగైదు నెలల పిల్లకు అప్పుడు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. చిగుళ్లు నొప్పిగా ఉంటాయి. బోనుకు మూతి ఆనించిన పిల్లను రకూన్ ఊచల సందుల్లోంచి పట్టుకుంటే ఆ భయం ఏడాదికీ పోదు. గోళ్లతో ముక్కు చీరుకుపోయిన పిల్లను మా కొండల్లో చూశాను. తర్వాత అది చెట్టుకు పది అడుగుల దూరంలోనే ఆగిపోయేది. మంచి ముక్కున్న కుక్క అలా పాడవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఆ రకూన్ సంగతీ ఆలోచించండి. అడవిలో అయితే దానికి పరుగుంది, నీళ్లున్నాయి, తొర్ర ఉంది, తెలివి ఉంది. చాలా రాత్రులు అదే గెలుస్తుంది. బోనులో దానికి ఏ దారీ లేదు. దాన్ని వేట అనడానికి నాకు నోరు రాదు.

రాత్రిబాట

పడమటికొండ గారు చెప్పిన దెబ్బలు నిజమే, కానీ అవి చేతకాని పద్ధతి వల్ల వచ్చేవి. సన్నటి జాలీ ఉన్న బోను వాడి, పిల్లను గొలుసుతో పట్టుకుని, అయిదు అడుగుల దూరంలో నిమిషం సేపు చూపించి తీసుకెళ్లిపోతే ఏ ప్రమాదమూ ఉండదు. నేను చెప్పేది రోజూ చేయమని కాదు. పిల్లకు రకూన్ మీద అసలు మక్కువ ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకసారి. కొన్ని పిల్లలకు ఉండదు. ఏడాదిన్నర తిప్పాక ఆ సంగతి తెలిసి బాధపడేకంటే ముందే తెలిస్తే ఆ కుక్కను ఇంటి కుక్కగా ఎవరికైనా ఇవ్వవచ్చు కదా? అది కుక్కకూ మంచిదే.

జొన్నచేను (ఒహాయో, పశువైద్యురాలిని)

శిక్షణ గురించి మీరిద్దరూ తేల్చుకోండి. ఇంట్లో పిల్లలున్నారని కొండవాగు గారు రాశారు కాబట్టి నేను చెప్పవలసింది చెబుతాను.

రకూన్ పేగుల్లో ఒక రకం ఏలికపాము ఉంటుంది. వైద్యంలో బేలిసాస్కారిస్ అంటాం. దాని గుడ్లు పెంటలో పడతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో అవి అంటుకునే స్థితికి వస్తాయి, మట్టిలో ఏళ్ల తరబడి చావవు. మామూలుగా కడిగితే పోవు. ఆ మట్టి చేతికంటి నోట్లోకి పోతే మనుషుల్లో ఆ పురుగు మెదడు దాకా వెళ్లగలదు. ఇలాంటి కేసులు అరుదు, వచ్చినవాటిలో చిన్నపిల్లలే ఎక్కువ. రకూన్ ఉన్న బోనును పెరట్లో రెండు రోజులు పెట్టడమంటే ఆ పెంటను మీ పిల్లలు ఆడుకునే చోటికి తెచ్చుకోవడమే.

రెండోది రేబిస్. తూర్పు రాష్ట్రాల్లో రకూన్లకే ప్రత్యేకమైన రేబిస్ రకం ఒకటి ఉంది. అది ఒకప్పుడు ఫ్లోరిడా, దాని చుట్టుపక్కలకే పరిమితం. 1977 ప్రాంతంలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో తేలింది. వేట కోసం దక్షిణం నుంచి తెచ్చి వదిలిన రకూన్లతోనే వచ్చిందని నిపుణులు భావిస్తున్నారు. అక్కడి నుంచి ఉత్తరాన కెనడా సరిహద్దు దాకా పాకింది. దాన్ని పడమటికి రానివ్వకుండా ఆపడానికి అపలాచియన్ కొండల వెంట టీకా మందు పెట్టిన ఎరలను ప్రభుత్వం విమానాల నుంచి ఇప్పటికీ చల్లుతోంది. బోనులో రకూన్‌ను పట్టి ఇంకో చోటికి తీసుకెళ్లడం అంత తేలిక విషయం కాదు. అడవి రకూన్‌ను పట్టి ఉంచుకోవడానికి చాలా రాష్ట్రాల్లో అనుమతి కావాలి, కొన్నిచోట్ల పూర్తిగా నిషేధం. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖను అడగకుండా ఎవరి మాటా నమ్మవద్దు.

మూడోది పక్షవాతం. రకూన్ కరిచిన కుక్కల్లో కొన్నిటికి వారం, రెండు వారాల్లో వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, తర్వాత ముందు కాళ్లు. గొంతు కూడా సన్నగిల్లుతుంది. స్పర్శ మాత్రం తెలుస్తూనే ఉంటుంది. చాలా కుక్కలు కోలుకుంటాయి, కానీ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతకాలం చేత్తో తిప్పిపడుకోబెట్టాలి, తినిపించాలి. అడవిలోనూ ఇది రావచ్చు, కాదనను. కానీ మీ చేతులతో మీరే మూతి దగ్గరికి తీసుకెళ్లడం వేరు.

రేబిస్ టీకా పడకుండా, డిస్టెంపర్, పార్వో టీకాల వరస 16 వారాల వయసు దాకా పూర్తికాకుండా మీ పిల్లను రకూన్లు తిరిగే చోటికే తీసుకెళ్లకండి. డిస్టెంపర్ రకూన్లలో మామూలుగా కనిపించే జబ్బు.

రాత్రిబాట

జొన్నచేను గారూ, ఏలికపాము సంగతి నేను ఇంతగా ఆలోచించలేదు. పెరట్లో బోను పెట్టమనే సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఒక చోటి జంతువును మరో చోటికి తరలించడాన్ని నేనెప్పుడూ సమర్థించలేదు. కానీ నా అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. బోను లేకపోతే, వారానికి ఒక రాత్రి మాత్రమే దొరికే మనిషి పిల్లను ఎలా మొదలుపెట్టాలి?

పడమటికొండ

మంచి ప్రశ్న. ఎండబెట్టిన రకూన్ తోలు ముక్క ఒకటి చాలు. వేటకాలంలో ఎవరినడిగినా ఇస్తారు. దాన్ని పొడవైన కర్ర చివర తాడుతో కట్టండి. మీరు ఒక పక్కగా నడుస్తూ తోలును మీకు దూరంగా గడ్డి మీద ఈడ్చుకు వెళ్లాలి. ఇది చాలామంది పట్టించుకోరు. కర్ర లేకుండా కాలి వెనకే తాడు లాగితే పిల్ల మీ చెప్పుల వాసన పట్టుకుని వస్తుంది. అది తోలు జాడ తీస్తోందని మీరు అనుకుంటారు. అడవికి వెళ్లాక గానీ అసలు సంగతి బయటపడదు.

మొదట యాభై గజాలు, నేరుగా. చివర ఒక చెట్టు కాండానికి ఆ తోలును మీ తల ఎత్తు దాకా రుద్ది, పిల్లకు కనబడకుండా పై కొమ్మ మీద పెట్టండి. వచ్చిన దారిన వెనక్కి రాకండి, చుట్టూ తిరిగి రండి. సాయంత్రం, గడ్డి కాస్త చెమ్మగా ఉన్నప్పుడు పిల్లను వదలండి. మాట్లాడకండి, వేలు చూపకండి. అది ముక్కు కిందపెట్టి, తోక వేగంగా ఊపుతూ, దారి తప్పి, మళ్లీ తిరిగి వస్తుంది. ఆ తిరిగి రావడమే మీకు కావలసింది. చెట్టు దగ్గర ముందుకాళ్లు కాండానికి ఆనించి పైకి చూస్తే అప్పుడు దగ్గరికి వెళ్లి మెచ్చుకోండి. ఇంకా మొరగాలని ఉండగానే గొలుసు వేసి తీసుకొచ్చేయండి. తర్వాత ఒక మలుపు పెట్టండి, ఆ తర్వాత పిల్లకాలువ దాటించండి, ఆ పైన జాడ వేసి గంట ఆగి వదలండి. వారానికి రెండుసార్లకు మించి వద్దు, రోజూ చేస్తే ఆటగా మారి విసుగెత్తుతుంది. రకూన్ మీద మక్కువ ఉందో లేదో దీంతోనే తెలిసిపోతుంది, బోను అక్కర్లేదు.

ఎనిమిది, తొమ్మిది నెలలు వచ్చాక పెద్ద కుక్కతో కొద్ది రాత్రులు. ఆ పెద్ద కుక్క నిజాయతీగలది కావాలి. జింకల వెంటపడే కుక్కతో వదిలితే మీ పిల్లా జింకలే నేర్చుకుంటుంది. ఎక్కువ రాత్రులు కలిపి తిప్పకండి. కొన్ని పిల్లలు జాడ తీయడం మానేసి పెద్దదాని గొంతు విని చెట్టు దగ్గరికి పరుగెత్తి, తామే పట్టినట్టు మొరుగుతాయి. చెట్టు దగ్గర గొంతు వినగానే ఆగి, మీ పిల్ల పెద్ద కుక్కతో పాటు చేరిందా, తర్వాత చేరిందా అని గమనించండి. ఎప్పుడూ తర్వాతే చేరుతుంటే మరుసటి రాత్రి ఒంటరిగా తీసుకెళ్లండి.

జోనంగి (గుంటూరు జిల్లా)

ఇదంతా ఆసక్తిగా చదివాను. మా ఊళ్లో మొక్కజొన్న చేలను అడవిపందులు పాడుచేస్తున్నాయి. నా దగ్గర జోనంగి కుక్క ఉంది. దానికి ఇలాంటి శిక్షణ ఇచ్చి పందుల మీదికి వదలవచ్చా?

పడమటికొండ

అన్నా, వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో కుక్కతో వేటాడినా నేరమే. పందుల బెడదకు అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవాలి. పైగా జోనంగి ఈ పనికి పుట్టింది కాదు. అది మామూలుగా మొరగదు, సన్నగా రాగం తీస్తుంది. కొల్లేటి వైపు బాతుల మందలను కాసిన జాతి అది. అడవిపంది కోరలకు దాన్ని ఎదురు పంపకండి. తోలు ఈడ్చి జాడ తీయించే ఆట మాత్రం ఏ జంతువుకూ హాని లేకుండా మీ కుక్కతో ఆడవచ్చు, మన ఊళ్లలో కోడి ఈకలతో అయినా సరే.

కొండవాగు

అందరికీ ధన్యవాదాలు. బోను ఆలోచన మానుకున్నాం. మా పిల్లకు రేబిస్ టీకా వేయించి, తోలుతో మొదలుపెడతాం. ఒక్క సందేహం. మా ఇంటి వెనక జింకలు చాలా ఎక్కువ. విద్యుత్ షాకు ఇచ్చే మెడపట్టీ ఇప్పుడే వేయమని కొందరంటున్నారు.

పడమటికొండ

మీ వాకర్ల మూలపురుషుడు టెన్నెసీ లీడ్ అనే కుక్కను 19వ శతాబ్దంలో జింకల వేట మధ్యలోంచే దొంగిలించి కెంటకీకి తీసుకుపోయారని చెబుతారు. కాబట్టి జింక మీద మోజు మీ పిల్ల రక్తంలో ఉన్నా ఆశ్చర్యం లేదు. అయినా నాలుగు నెలలకు షాకు వద్దు. పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం గట్టిగా వచ్చాక, ఏడాది దగ్గరపడ్డాక ఆలోచించండి. అప్పుడూ మీరు జింకను కళ్లారా చూసి, కుక్క దాని వెంటే పోతోందని ఖాయం చేసుకుంటేనే బటన్ నొక్కాలి. గొంతు విని ఊహించి నొక్కితే, ఆ క్షణాన అది రకూన్ జాడ మీద ఉంటే, మొరిగినందుకే దెబ్బ తగిలిందని అనుకుంటుంది. గొంతు మూసుకున్న కుక్కను తిరిగి తెరిపించడం నా వల్ల కాలేదు, నాకు తెలిసిన ఎవరివల్లా కాలేదు. అంతకంటే ముందు జీపీఎస్ పట్టీ కొనండి. మన కొండదారుల్లో ఈ కుక్కలకు జింకల కంటే పెద్ద గండం రోడ్డు.

రాత్రిబాట

మెడపట్టీ విషయంలో నాదీ అదే మాట, వయసుతో సహా. బోను విషయంలో ఒప్పుకోవడం లేదు. ఎనిమిది నెలలు దాటి, టీకాలన్నీ పడి, తోలు మీద ఎంతకీ కదలని కుక్కకు చట్టం ఒప్పుకునే చోట, పట్టిన పొలంలోనే ఒకసారి చూపించి అక్కడే వదిలేయడంలో నాకు తప్పు కనిపించదు. కొండవాగు గారూ, మీ పిల్ల తోలు జాడ మీద మొదటిసారి ఏం చేసిందో ఇక్కడే రాయండి. అది చూసి మాట్లాడుకుందాం.